కణానికో లేజర్ గుర్తు.. ఆశ పెట్టుకోవచ్చు, అప్పు చేయొద్దు

‘‘సార్, కణాల్లోకి లేజర్లు పంపి క్యాన్సర్‌ను పట్టేస్తున్నారట. ఎక్కడ చేస్తారో చెప్పండి, అప్పు చేసైనా తీసుకెళ్తాం’’.. ఈమధ్య ఓపీలో ఓ తండ్రి ఫోన్ చూపించి అడిగిన మాట ఇది. ఆయన కొడుక్కి లుకేమియా. ఇలాంటి వార్త మీ వాట్సప్‌లోకీ వచ్చే ఉంటుంది. అందులో నిజమెంతో చూద్దాం.

రక్త క్యాన్సర్ ఏ రకమో తేల్చడానికి, చికిత్స తర్వాత చెడు కణాలు మిగిలాయేమో చూడటానికి ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేస్తాం. హెచ్‌ఐవీ ఉన్నవారిలో సీడీ4 కణాల లెక్కకూ ఇదే వాడతారు. కణాలకు మెరిసే రంగులు అంటించి, కాంతి ముందు నుంచి ఒక్కొక్కటిగా పంపుతారు. చిక్కేమిటంటే, ఆ రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే కొన్ని పదులకు మించి గుర్తులు పెట్టడం కష్టం.

లేజర్ కాంతి అలా కాదు. దాని రంగు సన్నని గీతలా విడిగా కనిపిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు సెమీకండక్టర్‌తో సుమారు 2 మైక్రాన్ల బిళ్లలు తయారుచేశారు. తల వెంట్రుక మందం ఇంతకు ముప్పై రెట్లకు పైనే! బిళ్ల సైజు కాస్త మారితే రంగూ మారుతుంది. అలా వందల రంగులు సాధ్యమయ్యాయి. కణాలు ఈ బిళ్లలను మింగేస్తాయి. ఇక ప్రతి కణానికీ ఓ నంబర్ ప్లేటు ఉన్నట్టే. ప్రయోగశాలలో పెంచిన కణితిలో వేల కణాలను రోజుల తరబడి విడివిడిగా గమనించినట్టు 2019లో ప్రకటించారు. 2020లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం బృందం ప్లాస్టిక్ పూసల్లాంటి సూక్ష్మ లేజర్లతో గుండె కణాల సంకోచాన్నీ కొలిచింది.

ఇది ఎందుకు ముఖ్యం? క్యాన్సర్ తిరగబెట్టేది మందుకు లొంగని కొద్దిపాటి కణాల వల్లే. అవి ఏవో, ఎలా తప్పించుకుంటున్నాయో తెలిస్తే మందు ఎంపిక మారుతుంది.

అయితే అడ్డంకులు చిన్నవి కావు. ఈ బిళ్లలు వెలగాలంటే బయటి నుంచి కాంతి అందాలి. శరీరం లోతుల్లోకి వెళ్లేకొద్దీ కాంతి చెదిరిపోతుంది. వీటిలో ఆర్సెనిక్ ఉంటుంది కాబట్టి సిలికా పూత వేయాలి. ఆ పూతతో మనిషి శరీరంలో ఏళ్ల తరబడి హాని ఉండదని రుజువు కావాలి. పైగా కణం రెండుగా చీలితే దాని గుర్తు రెండుగా పెరగదు. కాబట్టి ఇది మొదట మన దగ్గరికి వచ్చేది రక్త నమూనాల పరీక్షగానే తప్ప, ఒంట్లోకి ఎక్కించే ఇంజెక్షన్‌గా కాదు.

కంటికీ కిడ్నీ రాళ్లకూ వాడే లేజర్ వేరు, ఇది వేరు. ‘లేజర్ కణ చికిత్స’ అని ఎవరైనా డబ్బు అడిగితే, దానికి అనుమతి ఎవరిచ్చారో అడగండి. కాగితం చూపించమనండి. మీ వైద్యునికి చెప్పకుండా పైసా కట్టకండి.

ఆ తండ్రికీ ఇదే చెప్పాను. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా పూర్తి చికిత్స తీసుకుంటే చాలామందికి నయమవుతోంది. ఆరోగ్యశ్రీలాంటి పథకాల కింద ఆ చికిత్స అందుతోంది. కొత్త లేజర్ కోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్న మందు మధ్యలో ఆపడమే అసలు ప్రమాదం.