లారీ మనది, తాళం కంపెనీది

టర్బో ఇంజన్ నాసిరకం, తొందరగా పోతుంది అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. టెక్కలి దగ్గర హైవే పక్కన నా షెడ్డు. రోడ్డుకు ఇప్పుడు పదహారో నంబరని బోర్డులు పెట్టారు గానీ, మా నోటికి అది ఇంకా ఐదో నంబరు రోడ్డే. గ్రానైటు బ్లాకులు మోసే ట్రెయిలర్లు, విశాఖ నుంచి పలాసకు జీడిపిక్కల లోడు తెచ్చే బళ్లు, కవిటి, సోంపేటల నుంచి కొబ్బరికాయ ఎత్తుకుని ఒడిశా మీదుగా పైకి పోయే లారీలు, ఈమధ్య మూలపేట పోర్టు పనుల టిప్పర్లు, అన్నీ ఈ రోడ్డు మీదే. వీటిలో చాలావాటికి బానెట్ కింద ఉండేది ఒకటే సరంజామా: వరసగా ఆరు సిలిండర్లు, పక్కన ఒక టర్బో.

నా చేతుల్లో ఎక్కువగా నలిగింది 5.9 లీటర్ల కమ్మిన్స్. టాటా, కమ్మిన్స్ చెరిసగం పెట్టుకుని 1993లో జంషెడ్‌పూర్‌లో మొదలెట్టిన కంపెనీ చేసిన ఇంజన్. బోరు 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120. ఫైరింగ్ వరస 1-5-3-6-2-4. పనిలో చేరిన కుర్రాడు స్పానర్ల సైజులు రాకముందే ఇది బట్టీ కొడతాడు. టాపెట్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్ పది థౌ, ఎగ్జాస్టు ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ). ఇంజన్ మొత్తం నాలుగు వందల కిలోల పైమాటే. వరసగా ఆరు సిలిండర్లుంటే క్రాంకు మూడోవంతు తిరిగేసరికల్లా ఒక సిలిండర్ తంతుంది. ఒక పిస్టన్ ఊపును ఇంకో పిస్టన్ చంపేస్తుంది. అందుకే నాలుగు సిలిండర్ల బండి క్యాబిన్‌లో వణికే చాయ్ గ్లాసు ఇందులో నిలకడగా ఉంటుంది. ఇంత మంచి ఇంజన్ మా దగ్గరకు ఎందుకొస్తుందంటే, చాలాసార్లు తప్పు ఇనుముది కాదు.

"మేస్త్రీ, బండి లాగట్నేదు, టర్బో ఎల్లిపోనాది, కొత్తది ఎంతవుద్ది?" అని డ్రైవరు దిగుతూనే తీర్పు చెప్పేస్తాడు. "ఉండరా నాయినా, ముందు క్లిప్పులు సూద్దాం" అంటాను. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోసుల దగ్గర సబ్బు నీళ్లు చల్లి, ఇంజన్ రేస్ చేయమంటే, క్లిప్పు వదులుగా ఉన్నచోట బుడగలు లేస్తాయి. తొక్కిన గాలి దారిలోనే పోతే డీజిల్ పూర్తిగా కాలదు, నల్లపొగ వస్తుంది, బండి ఎత్తు ఎక్కదు. స్క్రూడ్రైవరుతో అరచుట్టు బిగిస్తే తీరే జబ్బు ఇది. దానికి వేలకు వేలు పోసి టర్బోలు మార్పించుకున్నవాళ్లు ఈ రోడ్డు మీద తక్కువేం లేరు.

క్లిప్పులు బాగుంటే అప్పుడు టర్బో సంగతి. గాలి పైపు విప్పి, చక్రం మధ్య నట్టును రెండు వేళ్లతో పట్టుకుని కదపాలి. పైకీ కిందకీ కొద్దిగా ఆడితే కంగారు పడక్కర్లేదు. ఆ షాఫ్టు బేరింగుల్లో ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, ఆ మాత్రం సందు దానికి ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ లాగినప్పుడు టక్కుమని ఆడిందా, పని అయిపోయినట్టు. చక్రం రెక్కల అంచులు హౌసింగుకు రాసుకుని మెరుస్తున్నాయేమో వేలి కొనతో తడిమి చూడాలి. పైపు లోపల ఆయిల్ తడి ఉండి, సైలెన్సరులో నీలం పొగ వస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఆ గతి ఎందుకు పడుతుంది? లోడు మీద టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాని ఎగ్జాస్టు వైపు ఆరేడు వందల డిగ్రీల వేడి. డ్రైవరు అలాంటి బండిని సర్రున తెచ్చి ధాబా ముందు ఆపి తాళం తిప్పేస్తాడు. ఇంజన్ ఆగగానే ఆయిల్ పంపూ ఆగుతుంది. షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, వేడి ఎక్కడికీ పోదు. లోపల మిగిలిన ఆయిల్ మూకుడుకు మాడి అంటుకున్న నూనెలా గట్టిపడి, ఆయిల్ దారిని మూసేస్తుంది. బీడీ కాల్చినంత సేపు, మూడు నిమిషాలు స్లోలో వదిలితే టర్బో ఏళ్లు నడుస్తుంది. మూడు నిమిషాల డీజిల్ ఎంతవుతుందని ఓనర్లు లెక్కేసుకోరు గానీ, డ్రైవరు బండి ఊరికే స్టార్టింగులో పెట్టాడని మాత్రం తిడతారు.

మా ప్రాంతపు జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి. క్వారీ రోడ్ల మీద గ్రానైటు పొడి పిండిలా లేస్తుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే క్లీనరు పంచర్ షాపు దగ్గర గాలి గొట్టం పెట్టి గట్టిగా కొడతాడు. కాగితం చిల్లు పడుతుంది, అక్కడి నుంచి రాతిపొడి నేరుగా సిలిండర్లలోకి. ఈ 5.9 ఇంజన్‌కు లైనర్లు లేవు, బ్లాకులోనే బోరు. అరిగితే లైనర్ మార్చి ఊరుకోవడం కుదరదు, బ్లాకు మొత్తం దింపి బోరింగుకు పంపాల్సిందే. ఉద్దానం తీరాన తిరిగే బళ్లది ఇంకో కథ. ఉప్పుగాలికి ఇంటర్‌కూలర్ రేకులు పొడిపొడిగా రాలతాయి. దారిలో దొరికిన బోరునీళ్లు రేడియేటర్లో పోస్తారు, కూలెంటు కొనరు. లోపల గార కడుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది, మళ్లీ నింద టర్బోకే.

అలాగని ఇంజన్‌కు పుట్టు లోపాలు లేవని కాదు. అమెరికాలో 1989 మోడల్ నుంచి డాడ్జ్ పికప్ బళ్లలో ఇదే 5.9 వేశారు. అక్కడ దాని ముందు భాగంలో, టైమింగ్ గేర్ల పెట్టెను బ్లాకుకు సరిగ్గా కూర్చోబెట్టే చిన్న ఉక్కు డోవెల్ పిన్ను ఒకటి ఏళ్ల అదురుకు బయటికి జారి గేర్ల మధ్య పడేది. చిటికెన వేలంత కూడా లేని ముక్క ఇంజన్ మొత్తాన్ని మింగేసేది. తర్వాత వచ్చిన 24 వాల్వుల రకంలో, 53 అంకె పోతపోసిన బ్లాకులు కొన్ని పక్కన నెర్రెలిచ్చి నీళ్లు కార్చాయి. అక్కడి మెకానిక్‌లూ బళ్లవాళ్లూ ఈ సంగతులన్నీ ఒకరికొకరు చెప్పుకున్నారు. పిన్ను జారకుండా పక్క బోల్టు కింద ఒక చిన్న రేకు ముక్క బిగించే ఉపాయం వాళ్ల మధ్యే పాకింది. జబ్బు అందరికీ తెలిస్తే మందు ఎంత చవకగా దొరుకుతుందో చూడండి.

ఇప్పుడు ఆ దారే మూసుకుపోతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాను. రోజంతా సైలెన్సర్ల పక్కన బతికేవాడికి పొగ తగ్గితే సంతోషమే. కొత్త ఆరు సిలిండర్ల ఇంజన్‌లోనూ పిస్టన్ పిస్టనే, టర్బో టర్బోయే. కాకపోతే దాని వెనక యూరియా ద్రావణం ట్యాంకు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, వాటి పెత్తనానికి ఒక కంప్యూటర్. ఒక సెన్సరు తప్పు లెక్క చెప్పిందంటే డాష్ బోర్డు మీద దీపం వెలిగి, కాసేపటికి ఇంజన్ తన బలం తనే తగ్గించుకుంటుంది. లోడు బండి హైవే మీద నత్తనడక నడుస్తుంది. ఏ సెన్సరు అలిగిందో నాకు తెలియాలంటే కంపెనీ స్కానరు కావాలి. అది నాకు అమ్మరు. బజారులో దొరికే స్కానర్లు కోడు చూపిస్తాయి గానీ, సెన్సరు మార్చాక కంప్యూటర్‌కు కొత్తదాన్ని పరిచయం చేసే పని చాలా బళ్లలో చేయలేవు. బండి ఇటు విశాఖకో అటు బరంపురానికో పోవాలి. జీడిపిక్కల లోడు ఆగితే ఫ్యాక్టరీవాడు ఫోను చేస్తాడు, ఫైనాన్సువాడు వాయిదా ఆపడు.

దీన్నుంచే దొంగదారి పుట్టింది. యూరియా వ్యవస్థ బాగానే ఉందని కంప్యూటర్‌ను నమ్మించే డబ్బాలు చాటుగా అమ్ముతున్నారు. పొలానికి వేసే యూరియాను కుళాయి నీళ్లలో కలిపి ట్యాంకులో పోసేవాళ్లూ ఉన్నారు. అసలు ద్రావణంలో నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు ఉండాలి. ఇలా కల్తీ పోస్తే నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకట్టి, ఖరీదైన క్యాటలిస్టు పాడవుతుంది. ఈ పనులు చేసేవాళ్లలో మా వృత్తివాళ్లూ ఉన్నారు, అది తప్పే. మెకానిక్‌లకు తాళం ఇస్తే పొగ నిబంధనలు తుంగలో తొక్కుతారని వాదించేవాళ్లకు నా జవాబు మాత్రం ఇదే: తాళం ఇవ్వకపోయినా తొక్కుతున్నారు. నిజాయితీగా బాగుచేసే దారి మూసేశాక మిగిలింది అడ్డదారి ఒక్కటే.

ఇది లారీలతో ఆగదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో స్తంభాలు కూలి, కరెంటు లేక, ఊళ్లలో మంచినీటి మోటార్లను జనరేటర్లతో నడిపించారు. పెద్ద జనరేటర్లలో ఉండేవి ఈ జాతి ఇంజన్లే. పాత రకం మొండికేస్తే స్పానరు సంచి పట్టుకున్నవాడు ఎవడైనా సరిచేసేవాడు. 2023 జులై 1 నుంచి జనరేటర్లకూ కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటిలోనూ సెన్సర్లు చేరుతున్నాయి. అదే ఏడాది డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్ యంత్రం కరెంటు లేకుండా నడవదు. రేపు చెట్లు పడి రోడ్లు మూసుకుపోయిన రోజున ఒక కోడు తుడవడానికి విశాఖ నుంచి ల్యాప్‌టాప్ రావాలంటే ఎలా?

నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు. విడిభాగాలు, రోగం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. వ్యవహారం కోర్టుల్లో పడింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, బళ్లు కూడా అందులో ఒక విభాగం. పోర్టల్‌లో కస్టమర్ కేర్ నంబరు దొరికితే నా షెడ్డులో బండి స్టార్టవదు. యూరప్‌లో పెద్ద బళ్ల యూరో-6 చట్టంలోనే రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు ఇవ్వాలని 2009లో రాసి పెట్టారు. పొగ లెక్కలు అక్కడి నుంచి తెచ్చుకున్నాం, సమాచారం మాత్రం హైవే షెడ్డు దాకా రాలేదు.

స్కానరూ, సాఫ్ట్‌వేరూ, రిపేరు పుస్తకమూ ఊరికే ఇమ్మనడం లేదు. ధర పెట్టి అమ్మమంటున్నాం. శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైనవాడికే ఇవ్వండి. యూరియా డబ్బా పెట్టి దొరికినవాడి లైసెన్సు రద్దు చేయండి. టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, శిక్షణకు చోటు లేదనే సాకు చెల్లదు. మన ఎంపీ కేంద్రంలో మంత్రి కూడా. బీఎస్-6 బండి అమ్మే ప్రతి కంపెనీ ఆ బండి రిపేరు పరికరాలను బయటి మెకానిక్‌కూ అమ్మి తీరాలని ఒక్క నిబంధన రాయించమని ఆయన్ను అడుగుతున్నాను.