సుంకములు తొలగిన తరువాత

వర్తకము విస్తరించినచో దేశము బాగుపడునని కొందఱును, చెడిపోవునని కొందఱును వాదించుచుందురు. ఈ రెండు మాటలలోను సగమే సత్యము కలదని నా యభిప్రాయము. మన పహాడీ షరీఫ్ ప్రాంతమును చూచినను ఈ విషయము తెల్లమగును.

పూర్వము నిజాము రాజ్యమున వేఱు నాణెమును, వేఱు సుంకములును ఉండెను. హాలీ సిక్కా రూపాయలేడును, బ్రిటిషు ఇండియా రూపాయలాఱును రమారమి సమానము. సరిహద్దు దాటు సరకులపై కరోడ్గిరి యను సుంకము వసూలు చేయుచుండిరి. బెజవాడనుండి హైదరాబాదునకు వచ్చు సరకు, ఉభయప్రాంతములవారును తెలుఁగు మాటలాడువారే యైనను, పరదేశపు సరకువలె సుంకము చెల్లింపవలసియుండెను. 1948లో ఆ రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట నీ భేదములు క్రమముగా తొలగెను. 2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చుటతో రాష్ట్రముల పొలిమేరలయందలి అమ్మకపు పన్ను తనిఖీ స్థానములును పోయెను.

దేశాంతర వర్తకమును ఇట్లే పెరిగెను. ఆసియాను కూటమి దేశములతో మన దేశము చేసికొనిన సరకుల ఒప్పందము 2010 జనవరి 1వ తేదీన ఆరంభమయ్యెను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱవఁబడెను. నేడు హైదరాబాదు మందులు ఆ మార్గమున దూరదేశములకు పోవుచున్నవి.

ఇది లాభమే. అంగడి విశాలమైనకొలఁది పనివిభాగము పెరుగునని 1776లోనే ఆడం స్మిత్ చెప్పెను. పొలమున మిగిలిన శ్రమ కర్మాగారములకు పోయినచో దేశసంపద వృద్ధియగునని ఆర్థర్ లూయిస్ 1954లో నిరూపింప యత్నించెను. కాని పొలము విడిచిన ప్రతివాఁడును కర్మాగారమున చేరునా? భూమి మారినంత వేగముగా మనుష్యుని చేతిపని మాఱదు. మెట్టపొలములున్న చోట విమానములు దిగుచున్నవి. ఆ పొలము దున్నినవాని కుమారుఁడు విమానపు యంత్రమును బాగుచేయువాఁడగునా, ద్వారముకడ కావలివాఁడగునా? అసలు ప్రశ్న యిదియే. రావిర్యాలయందు 2006లో ఫ్యాబ్ సిటీ తలపెట్టఁబడెను. కాని యెదురుచూచిన సిలికాను చిప్పుల కర్మాగారము రాలేదు. స్థలము సిద్ధమైనంతమాత్రమున పరిశ్రమ సిద్ధము కాదు.

అట్లయిన మరల సుంకములు పెంచి కూర్చుందమని కొందఱందురు. 2019 నవంబరులో మన ప్రభుత్వము ఆర్సెప్ ఒప్పందమునుండి వైదొలఁగెను. పాడిరైతులయొక్కయు చిన్న పరిశ్రమలయొక్కయు భయము నిరాధారము కాదు. మనకు కావలసిన వంటనూనెలో సగమునకు మించి దిగుమతియే యగుచుండఁగా, నూనెగింజలు పండించు రైతు పరదేశపు పామాయిలుతో పోటీపడవలసియున్నది. అయినను సుంకము కొంత గడువును మాత్రమే యొసఁగును. ఆ గడువులో విత్తనము, నీరు, విద్య బాగుపడనిచో ధర హెచ్చుటయే ఫలము.

కావున తలిదండ్రులకు నా మనవి యిది: భూమి యమ్మిన సొమ్ములో మొదటి భాగము బిడ్డల చదువునకు, కొడుకుతో సమానముగా కూఁతునకును, కేటాయింపుఁడు. పాఠశాలాధికారులు లెక్కలతోపాటు యంత్రపుఁబనిని, వర్తకపు వ్రాఁతకోఁతలను నేర్పింపవలెను. విద్యార్థులారా! మన ముంగిటనుండి లోకమునకు బాట పడినది. ఆ బాటను మోయు కూలీలుగా మాత్రమే మిగులక, దానిపై నడుచు సమర్థులగుట మీ చేతులలోనే యున్నది.