6 వోల్టుల మీద ఇల్జామ్

1950 నాటి ఫోర్డ్ ఎఫ్-1 ట్రక్కు పొద్దున్నే స్టార్టు కాకపోతే, అమెరికాలో పాతబండ్ల షౌకీన్లు ముందుగా తిట్టేది 6 వోల్టుల బ్యాటరీనే. 12కి మార్చేయమని సలహాలిస్తారు. నాకది నాఇన్సాఫీ అనిపిస్తుంది భాయ్.

హిసాబ్ చూడండి. 6 వోల్టులతో అంతే పని జరగాలంటే కరెంటు రెండింతలు పారాలి. అందుకే ఆ జమానాలో లావుపాటి కేబుళ్లు వేశారు. తర్వాతెవరో మెకానిక్ 12 వోల్టుల బండి సన్న కేబుల్ బిగించేస్తాడు, ఎర్త్ దగ్గర తుప్పు కూడా గీకడు. కసూర్ బ్యాటరీదా? ముందు లావు కేబుల్ వేసి, ఎర్త్ జాగాలో ఇనుము మెరిసేదాకా గీకి చూడండి.

హాలోజన్ లైట్లు, కొత్త రేడియో కావాలంటే మార్చుకోండి, నేను మనా చేయను. కానీ పూరా మార్చాలి: జనరేటర్, కాయిల్, బల్బులన్నీ. హీటర్ మోటారుకు, మీటర్లకు వోల్టేజి తగ్గించే పుర్జా కావాలి. ఆ ఫోర్డుల్లో ఎర్త్‌కి కలిపేది ప్లస్సు. మామూలు ఆల్టర్నేటర్ పెడితే మైనస్‌కు తిప్పాలి, మరిస్తే డయోడ్లు ఖతం. పాత స్టార్టర్ మాత్రం 12ని తట్టుకుంటుంది, అదేపనిగా తిప్పనంతవరకు.

ఫోర్డ్ 12కి మారింది 1956లో. అంతకుముందు మిచిగన్ మంచులో కూడా ఈ ట్రక్కులు 6తోనే లేచేవి.