గాజుతొట్టిలో వైరిసమాసం

అందమైనవాటి నన్నింటిని ఒకచోట చేర్చినంత మాత్రాన ఆ చోటు అందగించదు. వ్యాకరణం చదివిన విద్యార్థికి ఈ సంగతి తెలియనిది కాదు. సంస్కృత పదమూ సొగసైనదే, తెలుగు పదమూ సొగసైనదే. వాటి స్వభావం గమనింపక అతికిస్తే మాత్రం అది వైరిసమాసమవుతుంది. అప్పుడు దోషం పదాలది కాదు, కూర్చినవానిది. ఇళ్లలో అలంకారంగా పెట్టుకొనే చేపల తొట్లను చూచినప్పుడల్లా నాకీ మాటే స్ఫురిస్తుంది.

ఇది నేను పుస్తకాలలో నేర్చిన పాఠం కాదు. రెండేళ్ల క్రితం మా అమ్మాయి పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీ సొమ్ము కూడబెట్టుకొని, అక్వేరియం కావాలని కోరినది. సుమారు యాభై లీటర్ల నీరు పట్టే రెండడుగుల తొట్టి కొన్నాము. అంగడిలో కంటికి ఇంపైనవన్నీ ఒకే రోజున తెచ్చి అందులో వదిలాము: నీలిచారతో మెరిసే నియాన్ టెట్రాలు ఎనిమిది, ఏంజెల్ చేప పిల్లలు రెండు, టైగర్ బార్బులు రెండు, ఒక గోల్డ్‌ఫిష్. దుకాణదారు వారించలేదు, నేను అడగనూ లేదు. వారం తిరుగకముందే బార్బులు ఏంజెళ్ల పొడుగాటి రెక్కలను కొరికివేసినవి. వాటిని వేరుచేశాము. కొన్ని నెలలకు ఏంజెళ్లు పెద్దవైనవి. ఆపైన ఏ ఉదయం లెక్కించినా టెట్రాల సంఖ్య తగ్గుతూ వచ్చినది. “అబ్బాజాన్, పెద్ద చేప చెడ్డదా?” అని మా అమ్మాయి అడిగినది. చెడ్డది కాదని, తెలియక తప్పు చేసినది నేనేనని ఒప్పుకొనడానికి నాకు కొంత వ్యవధి పట్టినది.

ఏంజెల్, నియాన్ రెండూ అమెజాన్ ప్రాంతపు చేపలే. ఒకే సీమకు చెందినవి గనుక కలిసి బ్రతుకుతాయని చాలామంది తలుస్తారు. కాని అరచేయంత పెరిగే ఏంజెల్‌కు, నాలుగు సెంటీమీటర్లు మించని నియాన్ ఆహారమే. నోట పట్టినదానిని మ్రింగుట చేపల సహజధర్మం. నదిలో చిన్న చేపకు పారిపోవడానికి చోటున్నది. నాలుగు గాజుపలకల నడుమ లేదు. ఆ రక్షణను మనం ఎంపికలోనే కల్పించవలసి ఉన్నది.

కనుక చేపను కొనేముందు రంగు చూచుట కాదు, నాలుగు ప్రశ్నలు వేసుకొనుట అవసరం. మొదటిది, పూర్తిగా ఎదిగినప్పుడు ఇది ఎంత అవుతుంది? రెండవది, దీని నడవడి ఎట్టిది? టైగర్ బార్బులు ఆరేడు కలిసి ఉంటే చాలావరకు తమలో తామే తరుముకొంటాయి. ఒకటి రెండే ఉంటే ఇతరుల తోకల మీద పడతాయి. ఫైటర్ చేపలలో రెండు మగవాటిని ఒకచోట ఉంచనే రాదు. మూడవది, దీనికి ఎట్టి నీరు కావాలి? గోల్డ్‌ఫిష్ కలహప్రియ కాదు. కాని అది చల్లని నీటిని కోరుతుంది, బాగా పెరుగుతుంది, నీటిని త్వరగా మలినపరుస్తుంది. వెచ్చని నీటి చేపలకు అది తగిన తోడు కాదు. మన దక్కనులో పెక్కుచోట్ల బోరుబావుల నీరు కఠినజలం. నియాన్ మృదుజలపు చేప. ప్లాటీ, మోలీ, గప్పీలకు కఠినజలం హితవు. చేపకోసం నీటిని మార్చబూనుట కంటె నీటికి తగిన చేపను ఎంచుకొనుట వివేకం. నాలుగవది, ఇది ఏ మట్టంలో, ఎందరితో కలిసి సంచరిస్తుంది? జీబ్రా దానియోలు పైమట్టంలో, ప్లాటీలు నడుమ, కోరిడోరాసులు అడుగున తిరుగుతాయి. దానియోలను, కోరిడోరాసులను ఆరింటికి తక్కువగా ఉంచరాదు. గుంపు లేనిదే వాటికి ధైర్యం లేదు. ఈ దానియో మన గంగానదీ ప్రాంతపు చేపయే. 1822లో హామిల్టన్ తన గ్రంథంలో దీనిని వర్ణించాడు.

అన్నింటినీ ఒకేనాడు వదలుట కూడ నా తప్పులలో ఒకటి. చేపల విసర్జనలనుండి పుట్టే అమ్మోనియా విషం. దానిని హానిలేని స్థితికి మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అటుపైన ఒక్కొక్క జాతినే చేర్చుట మేలు.

“చేప చేపను తినడం ప్రకృతి, ఇంత విచారమెందుకు?” అనేవారున్నారు. చెరువు ప్రకృతి, తొట్టి మన నిర్మాణం. మరికొందరు తొట్టిని చూపి సహజీవనాన్ని బోధిస్తారు. మనుష్యుడు యోచించి తన నడత మార్చుకోగలడు. చేపకు ఆ శక్తి లేదు. సర్దుకొనుమని దానికి చెప్పలేము, సర్దవలసినవారము మనమే.

మన కళాశాల గ్రంథాలయ వరండాలోని తొట్టి వేసవినుండి ఖాళీగా ఉన్నది. దానిని మరల నింపదలచిన కమిటీ పెద్దలకు నా విన్నపమొక్కటే. సొమ్ము మంజూరు చేసేముందు జంతుశాస్త్ర విద్యార్థులచేత నీటిని పరీక్షింపజేసి, ఏయే చేపలు, ఎన్నెన్ని, ఏ క్రమంలో అన్న జాబితాను వారినే వ్రాయనివ్వండి. ఆ జాబితా చేతబట్టుకొనియే అంగడికి వెళ్దాము.

మా ఇంట ఏంజెళ్లు రెండూ పెద్ద తొట్టిగల మిత్రుని చెంతకు చేరినవి. ఇప్పుడున్నవి దానియోలు, మగ ప్లాటీలు మాత్రమే. మా అమ్మాయి నేటికీ ప్రతి ఉదయం లెక్కిస్తుంది. లెక్క సరిపోతున్నది.