ఇంటి ముచ్చటలు: వీథి మొగను సైకిలు దుకాణము

ఈ మాసమున మేము వంటయింటి సంగతులను కొంచెము ప్రక్కకు నెట్టి వాకిటిలోనికి రావలసివచ్చినది. అందులకు కారణము మా అమ్మాయి సైకిలు.

అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. బడి మా యింటికి నాలుగు కిలోమీటర్లు. మా యింటివారు పనిచేయు పాఠశాల వేరొక గ్రామమున నుండుటచే ఆయన దారి వేరు, పిల్ల దారి వేరు. కావున ఆ సైకిలే దానికి కాళ్లు. ఆషాఢము వెళ్లునప్పటికి దాని టైర్లు రెండును అరిగి, వెనుకదానియందు లోపలి నూలుపోగులు పైకి కనబడసాగినవి. వీథి మొగనున్న సాయిబుగారి దుకాణమున అడిగించితిమి. టైరొకటి మూడువందల యెనుబది, రెండింటికి ఏడువందల అరువది, బిగింపు కూలి వేరని చెప్పి పంపినాడు.

పొరుగింటి కోడలు ఈ మాట విని, చేతిలోని ఫోను తీసి, నిలుచున్నచోటనే జత అయిదువందల ఇరువదికి చూపినది. రెండువందల నలువది రూపాయల తేడా! జీతగాని యింట రెండువందల నలువది యనగా ఎన్ని దినముల పాలో మీకు మేము లెక్క చెప్పనక్కరలేదు. కొత్తిమీర కట్టకు సైతము బేరమాడు మేము ఆ లాభమును ఎట్లు విడిచెదము? "ఇరువదియారు అంగుళములు" అని చూచితిమి, మీట నొక్కితిమి. నాలుగవనాడు అట్టపెట్టె గుమ్మములోనికి వచ్చినది.

ఆదివారమునాడు మా యింటివారు పంచె యెగగట్టి, రెండు గరిటె కాడలు తీసికొని, టైరు నెక్కించుటకు కూర్చుండిరి. పాఠము చెప్పుటలో ఆయనకు సాటి లేదని మా నమ్మకము. గంటన్నర గడచినది. గరిటె కాడ యొకటి వంగినది కాని టైరు మాత్రము ఎక్కలేదు. ఆయన "ఇది తప్పుడు సరుకు" అని తీర్మానించిరి. సోమ, మంగళవారములు పిల్ల ఆటోకు డబ్బులు పట్టుకొని పోయినది. మిగిలిన రెండువందల నలువదిలో అరువది అక్కడనే హరించినది.

బుధవారము సాయంకాలము మేమే సైకిలు నడిపించుకొని, ఆ టైర్లను సంచిలో దాచి, సాయిబుగారియొద్దకు పోతిమి. దాచుటయెందుకనిన, ఆయనను కాదని పరాయిచోట కొన్న సరుకును ఆయనచేతనే బాగుచేయించుకొనుటకు పోవుచున్నామను సిగ్గు. ఆయన సంచివంక చూచి నవ్వలేదు. టైరును చేతిలో త్రిప్పి, ప్రక్కనున్న అంకెలను కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూచి,

"టైరు మంచిదేనమ్మగారూ. మన రింగుకి ఎక్కదంతే. ఇది గేర్ల సైకిలుది" అన్నాడు.

"రెండూ ఇరవయ్యారే కదా, సాయిబుగారూ?"

"పేరుకి ఇరవయ్యారేనమ్మా. కొలత వేరు."

తరువాత ఆయన చూపిన సంగతి మీలో అనేకులకు ఉపకరించునని తలచి వివరముగా వ్రాయుచున్నాము. ఆడపిల్లల సైకిళ్లకు సామాన్యముగా నుండు టైరు 26 × 1⅜. కొండదారుల సైకిలు నమూనాలో వచ్చు లావు టైరు 26 × 1.75. వినుటకు రెండును ఇరువదియారే. కాని టైరు ప్రక్కను సన్నని అక్షరములతో అచ్చొత్తియుండు రెండవ కొలతను చదివినచో గుట్టు బయటపడును. మొదటిదానిపై 37-590 అనియు, రెండవదానిపై 47-559 అనియు ఉండును. ఇందు మొదటి అంకె టైరు వెడల్పు, రెండవ అంకె రింగుపై అది కూర్చుండు చోటి వ్యాసము, రెండును మిల్లీమీటర్లలో. అయిదువందల తొంబదికిని అయిదువందల యేబదితొమ్మిదికిని ముప్పదియొక్క మిల్లీమీటర్ల వ్యత్యాసము. గరిటె కాడ కాదు గదా, గునపము తెచ్చినను ఎక్కదు. పెద్దవారి పాత సైకిళ్ల 28 × 1½ టైరు కొలత 635. కొనునది ఎచ్చటనైనను సరే, పాత టైరుపైనున్న ఈ చివరి మూడంకెలను కాగితముపై వ్రాసికొని పొండు.

ఆయన చెయిను కూడ చూచినాడు. కొత్త చెయినులో ఒక్కొక్క లంకె అర అంగుళము, కావున ఇరువదినాలుగు లంకెలు సరిగా పండ్రెండంగుళములు. మా పిల్ల చెయిను పండ్రెండు దాటి ఇంచుమించు అంగుళములో ఎనిమిదవవంతు సాగియున్నది. అంతవరకు సాగిన చెయిను పళ్లచక్రములను గూడ కొరికివేయునట. ముందే చెయిను మార్చియున్నచో చక్రములు మిగిలెడివి. బడిపిల్లల కొలబద్దతో ఇంటనే తెలిసికొనదగిన ఈ సంగతి మాకు ఇన్నాళ్లును తెలియలేదు. ఫోనులో టైరమ్మినవాడు చెయినుమాట యెట్లెత్తును? వానికి మా సైకిలు కనబడదు గదా.

న్యాయముగా రెండవవైపును చెప్పవలెను. ఆ టైర్లను త్రిప్పి పంపితిమి. మారుమాట లేక తీసికొనిరి, తొమ్మిదవనాడు సొమ్ము జమయైనది. ఇట్టి అంగళ్లవారు కొన్నవారి ఫిర్యాదు అందినట్లు నలువదియెనిమిది గంటలలో తెలుపవలెననియు, నెలలోపల పరిష్కరింపవలెననియు 2020లో కేంద్రప్రభుత్వము నిబంధనలు చేసినది. మన వీథి దుకాణమున కొన్న వస్తువును త్రిప్పియిచ్చి చూడుడు! "వేరేది తీసుకోండమ్మా" అందురేకాని డబ్బు చేతబెట్టువారు అరుదు. చీటీ వ్రాసి యిమ్మన్న "మనలో మనకు చీటీలేమిటమ్మా" అందురు. ఆ "మనలో మనము" అను మాట దుకాణదారునికే లాభించుట మేము పలుమారులు చూచితిమి.

ఇంకొక సంగతి కలదు. దానిని పురుషులు వ్రాయరు గావున మేము వ్రాయుచున్నాము. ఫోను అంగడి స్త్రీలకింత ప్రియమగుటకు చౌకయొక్కటే కారణము కాదు. మేము కొత్తగా కాపురమునకు వచ్చిన దినములలో సైకిలు పంపు కొనుటకు ఒక పెద్ద దుకాణమునకు పోతిమి. అచ్చట బల్లపై కూర్చున్న నలుగురు మాటలాపి మమ్మే చూచిరి. దుకాణదారు "మగవాళ్లని పంపించండమ్మా, మీకు తెలీదు" అన్నాడు. పంపు కొనుటకు ఏమి తెలియవలెనో మాకు నేటికిని తెలియదు. ఫోను ఆ మాట అనదు. ధర దాచదు, ఇంటివారెక్కడనున్నారని అడుగదు. ఇరుగుపొరుగు దుకాణములను ఆదుకొనవలెనని ఉపన్యసించు పెద్దలు, ముందుగా ఆ దుకాణముల ముందరి బల్లలను ఖాళీచేయించినచో మేము సంతోషించెదము. సాయిబుగారి దుకాణమున బల్ల లేదు, ఉన్న యొక్క ముక్కాలిపీట ఆయనదే. ఆడపిల్లలు అక్కడికి జంకులేక పోవుటకు అదియును ఒక కారణమని మా అభిప్రాయము.

మా తండ్రిగారు మాకు చెప్పిన చదువులో శాంతిపర్వమునందలి తులాధారుని కథ యొకటి. తలలో పక్షులు గూళ్లు కట్టుకొనునంత తపస్సు చేసిన జాజలి, కాశీపురమున సరుకులమ్ముకొను ఆ వైశ్యునియొద్దకు ధర్మము నేర్చుకొనుటకు పోయెను. అతని గొప్ప యేమనగా అతని త్రాసు ఎల్లరకును సమముగా నుండుటయే. కాని కౌటిల్యుడు అంత మెత్తనివాడు కాడు. అర్థశాస్త్రమున కారుకరక్షణమను ప్రకరణము కలదు. పేరు చూచి చేతిపనివారిని కాపాడుటయని భ్రమించెదము. తీరా చదివినచో వారి మోసములనుండి ప్రజలను కాపాడుట. ఆయనయే వర్తకునకు స్వదేశపు సరుకుపై నూటికైదు, పరదేశపు సరుకుపై నూటికి పది లాభమని కట్టడి చేసెను. మేము సాయిబుగారిని ఆ లెక్కనే అడిగితిమి. టైరొకటికి ఆయనకు మిగులునది ముప్పది, నలువది రూపాయలట. కౌటిల్యుని గీటును కొంచెము దాటినాడు. అయినను గది అద్దె, కరెంటు, గాలిపంపు అందులోనివే. ఆయన పట్టణములోని టోకువర్తకునియొద్ద అయిదేసి టైర్లు తెచ్చుకొనువాడు. ఫోను అంగడికి అమ్మువారు వేలలెక్కన తెప్పించుకొని ఊరవతలి గోదామునందు ఉంచుకొందురు. అందుచేత ఆ ధర ఆయనకు అందదు. ఇది ఆయన దురాశయు కాదు, వారి దయయు కాదు.

మేమడిగినదానికి మారుగా ఆయన ఇంకొక లెక్క చెప్పినాడు. పూర్వము దినమునకు పదునైదు పంచర్లు వచ్చెడివి, ఇప్పుడు నాలుగైదు. మేము బాలికలమై యున్నప్పుడు గంటకు రెండు రూపాయల చొప్పున సైకిళ్లు అద్దెకు దొరకెడివి. ఆ అద్దె సైకిళ్లు పోయి చాలకాలమైనది. టైర్లు, చెయిన్లు అమ్మినప్పటి ఆ ముప్పదులు, నలువదులే దుకాణమును నిలుపుచున్నవి, పంచరు కూలి నిలుపదు. ఆయన కుమారుడు పానా పట్టుట మాని, మోటారుసైకిలుపై ఇంటింటికి పెట్టెలు చేరవేయుచున్నాడు. "మీకు పెట్టె తెచ్చింది మావాడేనేమోనమ్మా" అని ఆయనే నవ్వినాడు. మాకు నవ్వు రాలేదు.

ఆ దుకాణము మూయబడినచో ఏమగును? మా అమ్మాయి తోడి విద్యార్థిని యొకతె పొరుగు పల్లెనుండి వచ్చును. ఆమె సైకిలు, పూర్వము ఆమె యక్కకు బడిలో ప్రభుత్వమువారిచ్చినది. వారి పల్లెలోని దుకాణము రెండేండ్ల క్రిందట మూతపడినది. వెనుకచక్రపు ఇరుసు విరిగి ఆ సైకిలు రెండునెలలు గోడకు ఆనియున్నది. ఇరుసు ఫోనులో దొరకకపోలేదు. బిగించు చెయ్యి దొరకలేదు. పిల్ల మొదట నడచివచ్చినది. తరువాత వారమునకు మూడుదినములు వచ్చినది. తరువాత వాళ్ల నాన్న "పెళ్లీడు పిల్ల, అంత దూరము నడకెందుకు" అన్నాడట. నూరు రూపాయల యినుపకడ్డీ ఒక ఆడపిల్ల చదువును ఎంతదూరము తెచ్చినదో చూచితిరా! మా అమ్మాయి చెప్పగా, మా యింటివారు ఆ సైకిలును ఆటోపై వేయించి తెచ్చిరి. సాయిబుగారు ఒక రేకుడబ్బా బోర్లించి, పాత ఇరుసులలో సరిపోవుదానిని వెదకి, ఒక గంటలో బిగించినాడు. ఆ డబ్బా సామాన్యమైనది కాదు. 1951లో సోనిపట్టున పుట్టి దేశమంతట తిరిగిన అట్లాసు సైకిళ్లవారు 2020 జూన్ 3వ తేదీన, సరిగా ప్రపంచ సైకిలు దినమునాడు, సాహిబాబాదులోని కర్మాగారమును మూసివేసిరి. అటువంటి పాతబండ్ల ముక్కలు ఆ డబ్బాలోనే యున్నవి.

మా యింటి కట్టుబాటు ఇప్పుడిది. గంట, బుట్ట, తాళము, దీపము మొదలగునవి ఎచ్చట చౌకయైన అచ్చట. చక్రములోనికి, బ్రేకులోనికి, చెయినులోనికి పోవునవి సాయిబుగారియొద్ద. ఎప్పుడైన బయటి సామాను బిగింపుమని తెచ్చినచో ఆయన అడిగిన కూలి బేరము లేక యిచ్చుట. ఆయన దానికి ఎనుబది రూపాయలన్నాడు. మా యింటివారు "అది హెచ్చు" అనిరి. మంగళవారమంతయు ఇంట ఈ వాదమే. మీరు ట్యూషను చెప్పునప్పుడు పుస్తకము మీయొద్ద కొనలేదని రుసుము తగ్గించెదరా యని మేమడిగితిమి. ఆయన పత్రిక చదువుకొనసాగిరి.

సాయిబుగారిని మేము రెండు కోరితిమి. పలకపై ధరలు వ్రాసి వ్రేలాడదీయుట, చీటీ యిచ్చుట. పలక వ్రేలాడుచున్నది. చీటీ మాత్రము అడిగినప్పుడే వచ్చుచున్నది.

1991, 92 సంవత్సరములలో తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో అక్షరములు నేర్చిన స్త్రీలు వేలకొలది సైకిలు తొక్కుట నేర్చిరి. అప్పటి కలెక్టరు షీలారాణీ చుంకత్ అను ఆమె అందులకు తోడ్పడెను. ఆడవారి సైకిళ్లు చాలక, స్త్రీలు మగవారి సైకిళ్లనే కొనిరనియు, ముందున్న కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందరు వానినే మెచ్చిరనియు పాలగుమ్మి సాయినాథుగారు తమ గ్రంథమున వ్రాసిరి. ఆయన తెలుగువారే. అది చదివినప్పటినుండి మాకొక కోరిక. సాయిబుగారిని బ్రతిమాలి, ఆదివారములు రెండు గంటలు మా అరుగుపై ఆడపిల్లలకు పంచరు వేయుట నేర్పింపుచున్నాము. "అందరూ నేర్చుకుంటే నా నాలుగు పంచర్లూ పోతాయి కదమ్మా" అన్నాడు. ఆ మాటలో నిజమున్నది గావున ఆ రెండు గంటలకు ఆయనకు కూలి యిచ్చుచున్నాము. ఒక్కొక్క పిల్ల ఇరువది రూపాయలు. ఏడుగురు వచ్చుచున్నారు. ఇరుసు విరిగిన సైకిలు పిల్లయు వచ్చుచున్నది.

ట్యూబును నీళ్లలో ముంచి బుడగ లెక్కడనుండి వచ్చునో కనిపెట్టుట, అచ్చట ఆకురాయితో గీకుట, సొల్యూషను పూసి అది కొంచెమారువరకు ఓపిక పట్టుట, అప్పుడు అతుకు వేసి నొక్కుట. ఆరకముందే అంటించుటయే అందరు చేయు తప్పట. మేమును అదే చేసితిమి. నీళ్లకు మా వంటయింటి పెద్ద ఇత్తడి పళ్లెమును ఇచ్చితిమి. ఎంత చింతపండు వేసి తోమినను ఆ నల్లజిడ్డు వదలలేదు. అది యిప్పుడు సాయిబుగారి దుకాణముననే యున్నది.