ప్రాచ్య విద్యార్థి - ఆంగ్ల వ్యాకరణము

అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున కారక ప్రకరణమును పఠించిన విద్యార్థికి ఆంగ్ల వ్యాకరణమును శిశుపాఠముగా బోధించుట యుక్తము కాదు. 'రామః రావణం హంతి' అను వాక్యమున పదములను ఎట్లు మార్చినను హంత రాముడే. విభక్తి అర్థమును కాపాడును. 'రామ కిల్స్ రావణ' అనుచోట నామములు తారుమారైనచో హతుడు రాముడగును! ఆంగ్లమున పదక్రమమే విభక్తి కార్యమును నిర్వహించును. 'హి', 'హిమ్' వంటి సర్వనామములలో మాత్రము రూపభేదము మిగిలినది.

కర్మణి ప్రయోగము నెరిగినవానికి 'పాసివ్ వాయిస్' క్రొత్త కాదు. దానికై వారములు వెచ్చించుట వృథా. అసలు చిక్కు 'ఎ', 'ది' అను ఆర్టికల్స్‌ది. సంస్కృతమున వానికి సాటి లేదు. తెలుగు 'ఒక' కొంతవరకే తోడ్పడును. సూర్యునికి ముందు 'ది', ఏదో యొక నక్షత్రమునకు ముందు 'ఎ' ఏల రావలెనో వివరించుటకు మన పాఠ్యప్రణాళిక ఎక్కువ కాలము కేటాయింపవలెను.