ఇంట్లో నూనె, పొరుగింటి పాత్రలు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకూలాయి. కూలిన ఇంటిని ఏడాదిలో కట్టుకోవచ్చు. కానీ కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. బియ్యం, దుప్పట్లు తెచ్చిన లారీలు వెళ్లిపోయాక ఆ ఐదారేళ్లు రైతు ఎలా బతకాలి? ప్రతి తుపానూ సంఘాన్ని అడిగే ప్రశ్న ఇదే.

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఉంది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఎలీషాకు మొరపెట్టుకుంది. ఆ దైవజనుడు ఆమె చేతిలో డబ్బు పెట్టి పంపలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. కొంచెం నూనె తప్ప ఏమీ లేదందామె. దేవుడు ఆ కొంచెంతోనే అద్భుతం చేశాడు. నూనె ఆమెదే, పాత్రలు మాత్రం ఇరుగుపొరుగువారివి. పాత్రలు ఉన్నంతవరకే నూనె పారింది.

మనం సహాయానికి వెళ్లినప్పుడు ఏమి లేదో రాసుకుంటాం. ఏమి మిగిలిందో అడగం. కూలిన కొబ్బరి మాను కోయిస్తే ఇంటికి దూలమవుతుంది. తాపీ పని తెలిసినవారు, కరెంటు పని తెలిసినవారు, పొదుపు సంఘాలు నడిపే అక్కచెల్లెళ్లు ఊళ్లోనే ఉంటారు. తిత్లీ తర్వాత కరెంటు లేక మోటార్లు తిరగలేదు, జనం తాగునీటికి అల్లాడారు. సువార్త సభల కోసం కొన్న జనరేటరు అలాంటి రోజున ఊరందరికీ నీళ్లివ్వగలదు. అదీ ఆరాధనే.

అయితే మన సహాయం చాలాసార్లు మన సంఘస్థుల జాబితాతోనే ఆగిపోతోంది. ఇది మనం ఒప్పుకోవలసిన తప్పు. పాత్రలిచ్చిన ఆ పొరుగువారు ఎలాంటివారో, ఎంత భక్తిపరులో లేఖనం చెప్పలేదు. మనమూ ఊరందరికీ ఇద్దాం, ఊరందరినీ అడుగుదాం. అడగడానికి వినయం కావాలి. తలుపు మూసుకుని నూనె పోయమని ఎలీషా చెప్పిన సంగతీ మరువవద్దు. బియ్యం సంచి పట్టుకున్న నిరుపేదతో ఫోటో దిగవలసిన అవసరం మనకు లేదు.

నష్టపోయినవారు తమ పాట్లు తామే పడాలని దీని అర్థం కాదు. ప్రభుత్వ పరిహారం వారి హక్కు. చదువురాని కౌలురైతుకు దరఖాస్తు రాసిపెట్టడం కూడా పరిచర్యే. ఆ విధవరాలు నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలిన దానితో కుమారులతో కలిసి బతికింది. మన సహాయం కూడా అక్కడిదాకా సాగాలి. కొబ్బరి మొక్కలతోపాటు వాటి మధ్య వేసుకోవడానికి అరటి పిలకలు, కూరగాయల విత్తనాలు కూడా ఇస్తే కాపు వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

తుపాను వచ్చాక వెదుక్కోవడం కంటే ముందే తెలుసుకోవడం మేలు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక అరగంట కూర్చుందాం. ఎవరి ఇంట్లో ఏముంది, ఎవరి చేతిలో ఏ పని ఉంది అని రాసుకుందాం. మన కొంచెం నూనెను ప్రభువు ఆశీర్వదించును గాక! ఆమెన్.